స్టెప్నీకి వేలాడే సంచి

విజయనగరం,
మే 16, 2014.

బావ జగన్నాధానికి,

దేవేంద్ర నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ చెల్లెలు సుహాసినీ క్షేమం. జీపు క్షేమంగా లేదు. ఈ ఉత్తరం అందుకే.

కొలతలు కాగితం మీద పడితే తప్ప నీ కొట్లో కత్తెర కదలదని నాకు తెలుసు. ఎవరో ఫోన్లో చెప్పిన కొలత పట్టుకుని పెళ్ళి పందిరి మీద కప్పడానికి మేకల పాకంత బరకం కుట్టిచ్చావు, అప్పటినుంచి ఈ నియమం. నాకూ ఇదే నయం. ఫోన్లో మాట్లాడితే పక్కగదిలోంచి సుహాసిని వింటుంది.

మొన్న అక్షయతృతీయకి నీ కొత్త గోడౌను ప్రవేశానికి రాజాం వచ్చి వెళ్ళాం కదా. ఆ తర్వాతి ఆదివారమే జీపులున్న మా జట్టంతా సాలూరు దాటి కొండల్లోకి వెళ్ళాం. రోడ్డు లేని చోటికి వెళ్ళడమే మా సరదా. కొండ మీద తిన్నవాళ్ళు తమ చెత్త తామే కిందికి తెచ్చుకోవాలని మాలో ఒక కట్టుబాటు ఉంది. పులిహోర విస్తరాకులు, నీళ్ళ సీసాలు, మామిడి టెంకలు, అన్నీ వెనక సీటు దగ్గర పడేసి తెచ్చాను. తెచ్చినవన్నీ పారేశాను కూడా. వాసన మాత్రం బండి దిగలేదు. రోజురోజుకీ ముదురుతోంది. సబ్బు పెట్టి కడిగాను, సాంబ్రాణి వేశాను. ఇప్పుడు సాంబ్రాణి డబ్బా కూడా అదే వాసన వేస్తోంది.

నీ చెల్లెలు తీర్పు చెప్పేసింది. “రోయిణి కార్తె ఎళ్ళీలోగా ఈ కంపైనా పోవాల, జీపైనా పోవాల. ఏది ఉంచుకుంతావో సూసుకో బావా” అంది. చీపురుపల్లి కాంట్రాక్టరు ఎర్రన్న అప్పుడే ఒకసారి వచ్చి జీపు చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళాడు. కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునే నాకు జీవితంలో ఉన్న ఒకే ఒక్క సాహసం ఆ బండి. దాన్ని ఎర్రన్న సిమెంటు బస్తాలకి అప్పజెప్పలేను బావా.

కాబట్టి ఇకమీద చెత్త బండి లోపలికి రాకూడదు. వెనక స్టెప్నీ టైరుకి, బయటివైపు, వేలాడే సంచి కావాలి. వానకి తడవకూడదు, ముళ్ళకంపలకి చిరగకూడదు, మూతి బిగుసుకోవాలి, నంబరు ప్లేటుకీ దీపాలకీ అడ్డం రాకూడదు. కొలతలు వెనకవైపు రాశాను.

నీ బావ,
దేవేంద్ర

తా.క. వెనక సీటు కింద ఇనప పెట్టె ఒకటి ఉంది గాని, కొన్ననాటినుంచీ దాని మూత తుప్పు పట్టి బిగుసుకుపోయింది. లేకపోతే చెత్త అందులోనే వేసేవాణ్ణి, నీతో పని పడేది కాదు.


రాజాం,
మే 20.

బావ దేవేంద్రకి జగన్నాధం వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ నమ్మలేదు. “కొండెక్కి సెత్త తెచ్చుకోడమేటిరా? ఇజీనారంలో సెత్తకి కరువొచ్చిందా?” అంది. ధాన్యానికి సంచి అడిగారు, మిరపకాయలకి అడిగారు, జీడిపిక్కలకి అడిగారు. చెత్త కోసం కొలతలు పంపించి సంచి కుట్టమన్న మొదటి మనిషివి నువ్వే. చదువుకున్నవాడివి, ఏదో కారణం ఉండే ఉంటుంది.

చెత్తకి బరకం దండగ. రెండు పొరల గోనె వేసి, దబ్బనంతో పురికొస దట్టించి నేనే కుట్టాను. బస్తా ధాన్యం మోసే గోనె నీ విస్తరాకులు మొయ్యలేదా? బస్సు కండక్టరుకి ఇచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
జగన్నాధం,
మహాలక్ష్మి బరకాల కొట్టు

తా.క. గోడౌను ప్రవేశం నాడు మీరు బయల్దేరేటప్పుడు చెల్లికని మా పాలేరు చేత జీపులో ఒకటి పెట్టించాను. అందిందా? బాగుందా? ఒక్క ముక్క కూడా రాయలేదు. దాని పేరు రాయకూడదని అమ్మ ఆంక్ష. నేనేదో మనసు కష్టపెట్టుకున్నానని అనుకోకు. కష్టపెట్టుకున్నాను.


విజయనగరం,
మే 26.

బావకి,

ఇక్కడ అందరం క్షేమం, నీ గోనె సంచి తప్ప. అది కాలం చేసింది.

నిన్న కొండల్లోకి పట్టుకెళ్ళాం. ఎక్కేటప్పుడు కంపలు గీరుకుని ఒక పొర పోయింది. దారిలో వాన పట్టింది. తడిసిన గోనె లోంచి పప్పునీళ్ళు కారి నంబరు ప్లేటు మీద గడ్డకట్టాయి. కిందికి దిగాక టీ కోసం ఆగితే ఒక మేక వచ్చి విస్తరాకుల కోసం మొదలుపెట్టి గోనె దాకా తినేసింది. గోనె బస్తా ధాన్యం మోస్తుంది, నిజమే. ధాన్యం కారదు కదా బావా.

ఇంటికొచ్చి చూస్తే జీపు లోపల ఒక్క చెత్త ముక్క లేదు. అయినా కంపు అలాగే ఉంది. సుహాసిని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని “రోయిణి” అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళింది. దయచేసి లారీల మీద కప్పే మందపాటి బరకంతో కుట్టి పంపు.

దేవేంద్ర

తా.క. నువ్వు పెట్టించింది భేషుగ్గా అందింది. పేరు రాయకూడదన్నావు గనుక నేనూ రాయను. సుహాసిని వీధి వీధంతా తిప్పి చూపించింది. పక్కింటి పద్మకుమారిగారు ముచ్చటపడి అరువు తీసుకెళ్ళి, వారం ఉంచుకుని, మొన్ననే తిరిగి ఇచ్చారు. చెక్కుచెదరలేదు.


రాజాం,
మే 29.

బావకి,

కుశలం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

వీధంతా తిప్పి చూపించిందా? ఇన్నాళ్ళూ ఇక్కడ మాకు కారణం తెలియలేదు. మా గేదె పాలు సగానికి పడిపోయాయి. పాలేరు అసిరయ్య గడ్డి మార్చాడు, తవుడు మార్చాడు, దిష్టి తీశాడు. ఇక్కడ తీస్తే ఏం లాభం, దిష్టి విజయనగరంలో తగిలితే. నీ తాజాకలం విని అమ్మ మధ్యాహ్నం అన్నం మానేసింది. మీ పక్కింటావిడ వారం ఉంచుకుని తిరిగి ఇవ్వడం ఏమిటి, మీరు పుచ్చుకోవడం ఏమిటి? దాన్ని మీలో ఎవరూ నోట పెట్టలేదు కదా?

సరే, వ్యాపారం వ్యాపారమే. లారీ బరకంతో సంచి పంపుతున్నాను. ఇత్తడి రింగులు వేశాను, నైలాను దారంతో కుట్టాను. కంప కాదు, ఎలుగుబంటి గీరినా చిరగదు. కొట్టు పేరుతో పాటు మహాలక్ష్మి బొమ్మ ముద్రించాను. మా నాన్నగారి కాలం నుంచి ఆ బొమ్మ లేకుండా మా కొట్లోంచి గుడ్డపీలిక బయటికి వెళ్ళలేదు.

జగన్నాధం

తా.క. మేక సంగతి చదివి అసిరయ్య సంతోషించాడు. వాడు గోనె వద్దని ముందే చెప్పాడట. నేను వినలేదట.


విజయనగరం,
మే 31.

బావకి,

సంచి నిన్న వచ్చింది. అలాంటి సంచి నా కంట పడలేదు. స్టెప్నీకి తొడిగితే కంపెనీవాళ్ళే బిగించి ఇచ్చినట్టు కూర్చుంది. ఆ మురిపెం ఎంతసేపో ఉండలేదు.

నిన్న శుక్రవారం. సుహాసిని తులసికి నీళ్ళు పోసి ఇటు తిరిగింది. జీపు వెనక పద్మంలో కూర్చున్న మహాలక్ష్మి కనిపించింది. “ఇది దేనికి బావా?” అంది. చెత్తకి అన్నాను. “అమ్మోరి బొమ్మున్న సంచిలో సెత్తేస్తావా? నీకు మతి గాని పోనాదా?” అని దాన్ని విప్పించి, పసుపు రాసి, బొట్టు పెట్టి దేవుడి గదిలోకి పట్టుకుపోయింది. ప్రస్తుతం అందులో బియ్యం ఉన్నాయి. సాయంత్రం ఎదురుగా దీపం కూడా పెట్టింది.

కంపు ఇంకా ముదిరింది. ఇప్పుడు వీధి కుక్కలు జీపు చుట్టూ చేరుతున్నాయి. వచ్చే ఆదివారం బేరం తేల్చుకోడానికి ఎర్రన్న వస్తున్నాడు. బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి నీ నియమం పక్కన పెట్టు. బొమ్మ లేని సంచి పంపు. ఆ బండి గేటు దాటిపోతుంటే చూస్తూ నిలబడే ధైర్యం నాకు లేదు.

దేవేంద్ర

తా.క. నోట పెట్టడం ఏమిటి? పద్మకుమారిగారు పెద్దింటి మనిషి. అయినా మీ గేదె పాలకీ దానికీ ఏం సంబంధమో నా ఫిజిక్సుకి అందలేదు.


రాజాం,
జూన్ 7.

బావకి,

ఇదిగో పంపుతున్నాను. బొమ్మ లేకుండా మా కొట్టు దాటిన మొదటి సరుకు. ముద్రించే దిమ్మ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి దేవుడికి దణ్ణం పెట్టుకుని పక్కన పెట్టేశాను. అమ్మకి చెప్పకు.

నల్ల బరకం, బురద కనిపించదు. అడుగు రెండు పొరలు. పైన వాననీళ్ళు నిలవకుండా మూతి మీద రేకులాంటి మడత పెట్టాను. మూతిని చాపలా చుట్టి, రెండు బకిల్సూ బిగించు. లోపలి గాలి బయటికి రాదు, బయటి మేక లోపలికి రాదు. టైరు చుట్టూ బిగించడానికి బెల్టులున్నాయి, గతుకుల్లో ఊగదు. గోనెతో నేను పొరపడ్డాను గనుక దీనికి అసిరయ్యని అడిగి అడిగి కుట్టాను. ఈ ఒక్క సంచికి వాడు నన్ను అన్న మాటలు ఇంకెవరైనా అంటే ఊరుకునేవాణ్ణి కాను.

నీ బండి నిలబడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. అది పోతే చెల్లి రాజాం రావడం తగ్గిపోతుంది. నా బాధ అది.

జగన్నాధం

తా.క. జరిగింది జరిగింది, క్యానైనా తిప్పి పంపమంటోంది అమ్మ. దాని మీద ఆవిడ పేరు చెక్కించి ఉంది.


విజయనగరం,
జూన్ 9.

బావకి,

నిన్న ఆదివారం పొద్దున్నే మొదటి బస్సులో నీ సంచీ, ఉత్తరమూ కలిసి వచ్చాయి. సంచి బిగించి, ఉత్తరం విప్పే సరికి ఎర్రన్న వచ్చేశాడు. కాంట్రాక్టరు కదా, తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా బండంతా తట్టి చూస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి నీ తాజాకలం దాకా వచ్చాను. ఏ క్యాను, అని తల గోక్కుంటున్నాను.

అప్పుడే వెనకనుంచి ఎర్రన్న గొంతు వినిపించింది. “ఏటి బాబూ, ఈ పెట్టె మూత రాదన్నావు, నూనేసి సుబ్బరంగా ఉన్నాది.” మూత తీశాడు. “ఏదో క్యానున్నాది బాబూ” అన్నాడు. నేను వద్దని అరిచే లోపల దాని మూత కూడా తిప్పాడు.

బావా, మీ గేదె ఈనిన నాటి జున్నుపాలు ముప్ఫై ఏడు రోజులు, రోహిణి కార్తె ఎండలో, ఇనప పెట్టెలో ఉన్నాయి. వాటికి బయటికి రావాలని ఎంత ఆత్రంగా ఉందో ఎర్రన్న చొక్కా చెప్పాలి. అతను కోప్పడలేదు. కోప్పడడానికి ఊపిరి తియ్యాలి కదా. “బండొద్దు, ఏటొద్దు” అంటూ మా కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. నా లుంగీ, చొక్కా ఇచ్చి పంపాను.

సుహాసిని ముక్కు మూసుకుని వచ్చి క్యాను చూసింది. ‘జగ్గమ్మ’ అని అత్తయ్య పేరు కనబడగానే ముక్కు మీద చెయ్యి తీసేసింది. మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. “అన్నియ్య నాకోసం జున్నుపాలంపినాడు బావా. నాను సెత్తని తిట్టీసినాను” అంది. జున్నుపాలు పేరు చెప్పి ఇస్తే దిష్టి తగిలి గేదె పాలెగ్గొడుతుందని మీ ఇంట్లో నమ్మకమట కదా. చెప్పకుండా పెట్టించావు సరే. ఎక్కడ పెట్టించావో చెబితే ఏ దిష్టీ తగిలేది కాదు. ఆ తుప్పు మూత ఊడదీసి, చల్లగా ఉంటుందని అందులో దాచినవాడు అసిరయ్యేనని ఇప్పుడు అర్థమవుతోంది. సంచి బాగా కుట్టించాడు గనుక క్షమించాను.

సుహాసిని వీధంతా చూపించిందని నేను రాసింది, ఆ రోజు మా అక్కయ్య, అదే నీ ఇల్లాలు, తనకి పెట్టిన చీర. పద్మకుమారిగారు అరువు తీసుకెళ్ళిందీ అదే. కాబట్టి అత్తయ్యని అన్నం తినమను. జున్నుపాలని మా వీధిలో ఎవరూ చూడలేదు. వాసన మాత్రం అందరికీ అందింది.

జీపు ఎక్కడికీ పోదు. ఆ మాట నేను కాదు, నీ చెల్లెలే అంది. పైగా వచ్చే ఆదివారం రాజాం ప్రయాణం కట్టింది. ఒక షరతు పెట్టింది. ఇకమీద పుట్టింటివాళ్ళు ఏమిచ్చినా బండి లోపలికి రాకూడదు, స్టెప్నీ సంచిలోనే రావాలట. చెత్త కోసం కుట్టించుకున్న సంచికి సారె మొయ్యడం రాసిపెట్టి ఉంది. కొండ చెత్తకి నేను ఇంకొకటి కుట్టించుకోవాలి. కొలతలు పాతవే.

నీ బావ,
దేవేంద్ర

తా.క. క్యాను తోమకుండా నీ నల్ల సంచిలో వేసి, రెండు బకిల్సూ బిగించి రాత్రంతా గుమ్మంలో ఉంచాను. పిసరంత వాసన రాలేదు. వీధి కుక్కలు నిరాశపడి వెళ్ళిపోయాయి. ఎర్రన్న కబురు చేశాడు: జీపు వద్దట, అలాంటి సంచి ఒకటి కావాలట. చొక్కా వేసి పెట్టుకోడానికి.

ఇంకో తా.క. ఇది సుహాసిని కలం లాక్కుని రాస్తున్నది: అన్నియ్యా, గేది మళ్ళీ ఈనితే పేరు సెప్పకు. ఫోను సేసి ఊరకుండిపో. నాకు తెలుస్తాది. నానే వస్తాను.