పెద్దమ్మ బొటనవేలు

పెద్దమ్మా,

నవ్వనంటే ఒక మాట చెబుతాను. మా ల్యాబులో ఆవగింజంత అద్దం ఒకటి సెకనుకు వెయ్యిసార్లు ఊగుతూ, తన మీద పడ్డ వెలుగుతో గోడ మీద బొమ్మ గీయాలి. అది వెనక్కి తిరిగే క్షణం కనిపెట్టి నెడితేనే ఊపు నిలుస్తుంది. కనిపెట్టడానికి దాని మీద ఏది అతికించినా బరువెక్కి చతికిలబడేది. వారంలో తేలకపోతే పని మూసేద్దామన్నారు మా పెద్దసారు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. వంటింటి పక్క గదిలో కూర్చుని, ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, చొక్కాలకు గుండీలు కుడుతూ, తల ఎత్తకుండానే తమ్ముణ్ణి ఊపేదానివి. చూడకుండా ఎలాగని అడిగితే, "లాగేది తాడే, చెప్పేదీ తాడేనే పిల్లా" అన్నావు.

అంతే. అద్దాన్ని నెట్టే కరెంటు తీగనే, నెట్టుకీ నెట్టుకీ మధ్య కాస్త ఆగి గమనించాం. అద్దం తిరిగొచ్చే లాగుడు అందులోనే తెలిసింది. నిన్నటి నుంచి బొమ్మ వణకలేదు. ఎప్పుడూ ముఖం మాడ్చుకుని ఉండే సారు ఈల వేశారు.

ఈ ఉత్తరంతో పెట్టిన పేటెంటు కాగితం మీద సంతకం చేసి పంపు. కనిపెట్టినవాళ్లలో నీ పేరూ ఉంది. ఎక్కడ పనిచేస్తారన్న చోట "మా వంటింటి పక్క గది" అని రాశాను. సారు కొట్టెయ్యలేదు.

ఇట్లు,
ఆ తాడు విప్పేసి నీ చేత తన్నులు తిన్న పిల్ల