కరకట్ట మీద పరిచిన పెళ్లిచీర

పెద్దమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ అవనిగడ్డలో ఎన్నికల హెలికాప్టర్ దిగింది. నాయకుడు మీటింగులో ఉండగా పైలట్ దగ్గరికెళ్లి నీ ప్రశ్న అడిగేశాను.

"తుఫానప్పుడు హెలికాప్టర్లో పులిహోర పొట్లాలు తెచ్చినాయన దిగబోయి మళ్లీ ఎందుకు లేచాడండీ? మా పెద్దమ్మ పెళ్లికొడుక్కి పరిచినట్టు కరకట్ట మీద తన పెళ్లిచీర పరిచిందండీ."

ఆయన నవ్వలేదు. "చీర ఎగిరి రెక్కలకి చుట్టుకుంటే అందరూ పోయేవాళ్లమ్మా," అన్నాడు.

ఎడమచేతి లీవరు ఎత్తితే తిరిగే రెక్కలన్నీ ఒకేసారి ఏటవాలవుతాయట, హెలికాప్టర్ పైకి లేస్తుందట. కుడిచేతిది వంచితే ప్రతి రెక్కా ఒక పక్కకొచ్చినప్పుడు ఎక్కువగా, ఎదురుపక్క తక్కువగా వాలి, కావలసిన వైపు తీసుకెళ్తుందట. ఈదురుగాలిలో ఒకేచోట నిలపాలంటే రెండింటినీ క్షణం వదలకుండా సరిచేస్తూనే ఉండాలట.

పాత చీరని చిన్నచూపు చూశాడని ఇన్నేళ్లూ నొచ్చుకున్నావు. ఆయన లేచాడు గానీ వెళ్లిపోలేదు పెద్దమ్మా. మనందరికీ పొట్లాలు అందేదాకా ఆ గాలిలో మన నెత్తిమీదే నిలబడ్డాడు.

ఇవాళ ఆ చీరే కట్టుకెళ్లాను. హెలికాప్టర్ లేచేటప్పుడు దూరంగా నిలబడి, కొంగు బిగించి దోపుకుని, నీ బదులు దణ్ణం పెట్టాను.