కదలని చెయ్యి పడే కష్టం

అక్కా,

ఫోన్‌లో అయితే సగంలోనే అడ్డుపడతావని ఉత్తరం రాస్తున్నాను. బావ చేతికి వ్యాయామం చేయించేటప్పుడు ఇకమీదట నువ్వు ఆ గదిలో ఉండొద్దు.

పక్షవాతం వచ్చిన ఆ చేతికి నిన్న మా ల్యాబ్‌లో నేను అతికించింది కరెంటు పెట్టే యంత్రం కాదు. కండరం కష్టపడితే లోపల సన్నగా అదురుతుంది. పైకి కనిపించని ఆ అదురును పట్టే సెన్సార్ అది. కష్టం ఎంత పెరిగితే తెర మీద గీత అంత పైకి లేస్తుంది.

నువ్వు ఎదురుగా నిలబడి, "మనసు పెడితే ఎందుకు లేవదు? అంతా బద్ధకం" అన్నప్పుడు బావ వేలైనా కదల్లేదు. గీత మాత్రం నిండు బకెట్ మోస్తున్నవాడికి లేచినట్టు లేచింది. ఆ బద్ధకం మాట ఇంక కట్టిపెట్టు.

"చాలు బావా, చెయ్యి వదులు చెయ్యండి" అన్నాను. గీత దిగలేదు. సెన్సార్ సరిగా అంటలేదేమోనని పీకి మళ్లీ అతికించాను. అయినా దిగలేదు. మధ్యమధ్యలో విశ్రాంతి ఇవ్వకపోతే ఆ కండరం కోలుకోదని మా డాక్టరుగారు ముందే చెప్పారు.

ఇంతలో నువ్వు మందులకని బయటికి వెళ్లావు. తలుపు మూసుకుంది.

"మీ అక్క వెళ్లిందా?" అని బావ మెల్లగా అడిగారు.

వెళ్లిందన్నాను. అప్పుడు దిగింది గీత.

నీ తమ్ముడు