ఉరుముల సంఘం వారి విందు

జిండెల్ఫింగెన్, జర్మనీ,
ఆదివారం.

చి.ల.సౌ. శ్రీవల్లికి, మబ్బు తునక కూడా లేని ఊరినుంచి నీ భర్త రాసేది.

నేను కులాసా. బాల్కనీలో నీ కరివేపాకు మొక్క నాకంటే కులాసా. అత్తయ్యగారు కొత్త మోకాలితో వీధి గుమ్మం దాకా నడిచారని రాశావు, చాలా సంతోషం. ఫోనులో మాట్లాడుకుంటే పోట్లాటకే దిగుతున్నామని, ఉత్తరాలు రాసుకుందామని అన్నది నువ్వే. మంచిదే. ఇందులో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

నీ ప్రశ్నలకు జవాబులు. చెత్త డబ్బాలు సరైన రోజునే బయట పెడుతున్నాను. డ్రైవింగ్ థియరీ పరీక్ష మళ్లీ పోయింది, దాని గురించి అడగకు. ఇక "నేను మానేస్తున్నానని మావాళ్లతో చెప్పావా?" అన్నది. తుఫానుల వెంట కారేసుకుని తిరగడం మానెయ్యమని ఇన్నాళ్లూ పోరింది నేను, విసిగిపోయి చివరికి సరేనన్నది నువ్వు. ఆ మాట వాళ్ల చెవిన వెయ్యడానికే నిన్న మీ ఉరుముల సంఘం వారి వార్షిక విందుకు వెళ్లాను.

విందట! ఆ చోటు ఎంచిన మహానుభావుడెవరు? ఎస్‌బాన్ అనే లోకల్ రైలు, ఆపైన పెద్ద రైలు, ఆపైన బస్సు, అదీ దిగాక నడిచి కొండెక్కాలి. ఊళ్లో ఇన్ని హోటళ్లుండగా ఆల్బ్ కొండ నెత్తిన ఆ గాస్ట్‌హోఫ్ అనే పూటకూళ్లిల్లే ఎందుకయ్యా అంటే, దాని కిటికీల్లోంచి పడమటి ఆకాశం బాగా కనిపిస్తుందట. మబ్బులు అటునుంచే వస్తాయట. నిన్న ఒక్కటీ రాలేదు. ఎండ చక్కగా కాస్తుంటే ఇరవై మంది పెద్దమనుషులు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మా అమలాపురం వైపు తుఫానంటే జనం బడి బిల్డింగులోకి పరిగెత్తి తలుపులేసుకుంటారు. అక్కడ పులిహోర పొట్లం ఊరికే ఇస్తారు. వీళ్లు తుఫాను లేదని ఏడవడానికి మనిషికి పద్దెనిమిది యూరోలు కట్టారు.

అది హాలుకే. తిండి వేరే. నీళ్లు వేరే, అవీ బుడగల నీళ్లు. వడగళ్ల మీద గంటన్నర ఉపన్యాసం మాత్రం ఉచితం. ఒకాయన కోడిగుడ్డంత వడగల్లును ఐసు పెట్టెలో మోసుకొచ్చి, చంటిపిల్లను చూపినట్టు అందరికీ చూపించాడు. నా వంతు వచ్చినప్పుడు ఏమనాలో తెలీక బాగుందన్నాను.

నువ్వు పేరిచ్చి రాలేదు గనక నీ వాటా కూడా నేనే కట్టాలన్నారు. కట్టాను గనక నీ ప్లేటూ నేనే తిన్నాను. ఉప్పు లేదు. బిల్లు వేళకు "కలిపా, విడివిడిగానా?" అని సర్వరమ్మ అడగడం ఆలస్యం, ప్రాణస్నేహితులంతా ఎవరి పర్సు వాళ్లు తీశారు. పిడుగుకు ఎదురెళ్లే ధీరులు పక్కవాడి కాఫీకి మాత్రం ఎదురెళ్లరు.

ఇక దాచి లాభం లేదు, అసలు సంగతి రాస్తాను. మీ అధ్యక్షుడు యూర్గెన్, ఆ తెల్లగడ్డం ముసలాయన, ఏడాది పొడుగునా తీసిన ఫొటోలు తెర మీద వేశాడు. అన్నీ మబ్బులే. నేను ఆవలిస్తున్నాను. ఉన్నట్టుండి తెర మీద నువ్వు. తడిసి ముద్దయ్యావు, జుట్టంతా చెంపలకంటుకుంది, వెనకాల ఆకాశం కాటుకలా ఉంది, నువ్వు నోరారా నవ్వుతున్నావు. ఈ దేశానికి వచ్చాక నువ్వలా నవ్వగా నేను చూడలేదు, వల్లీ. నాకు కుళ్లు పుట్టింది. ఆ మబ్బు మీద కుళ్లు.

"ఆవిడ లేక బల్ల బోసిగా ఉంది. ఎప్పుడొస్తుంది?" అని యూర్గెన్ నన్నడిగాడు. నేను లేచి నిలబడ్డాను. "ఆవిడ ఇక రాదు" అన్న జర్మన్ వాక్యం రైల్లోనే బట్టీపట్టి ఉంచుకున్నాను. నోరు తెరిస్తే అది రాలేదు. ఏదో ఒకటి అనాలి గదా, మనవాళ్లు గుమ్మంలో సెలవు తీసుకుంటూ అనే మాటే అనేశాను. "ఓసారి మీరంతా మా ఇంటికి రండి. మేం పిలుస్తున్నాం."

వెంటనే ఇరవై మందీ ఫోన్లలో క్యాలెండర్లు తెరిచారు.

వాల్డార్ఫ్ నుంచి వచ్చే తాజుద్దీన్, మీ సంఘంలో ఇంకో తెలుగు జీవి, నా చెవి దగ్గరకు వంగాడు. "ఏం చేసినవన్నా! వీళ్లు రమ్మంటే నిజంగనే వస్తరు. పిలుస్తున్నమంటే ఖర్చంత నీదే అన్నట్టు ఈడ."

"మర్యాదకన్నానండి బాబూ!" అన్నాను.

"అట్లాంటి మర్యాద వీళ్లకు తెల్వదన్నా. తారీకు రాస్కున్నరు గద, అయిపాయె."

కాబట్టి నువ్వు వచ్చిన మరుసటి శనివారం సంఘం వారి సమావేశం మన నాలుగో అంతస్తులో. ప్రవేశం ఉచితం. నీళ్లలో బుడగలుండవు. వాళ్ల మీద నా అభిప్రాయం ఆవగింజంత కూడా మారలేదు. పనిలేనివాళ్లు, పైగా పిసినారులు. మన బాల్కనీ పడమటి వైపుందని మ్యాపులో చూసి ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. వచ్చేటప్పుడు చింతపండు తీసుకురా, ఇరవై మందికీ పులిహోర కలపాలి.

నువ్వు మానేస్తున్నావని నేను చెప్పలేదు. చెప్పదలుచుకుంటే ఆ రోజు నువ్వే చెప్పుకో. చెప్పకపోతే మాత్రం, ఈసారి ఆకాశం నల్లబడినప్పుడు కారులో పక్కసీటు మీద నీ కెమెరా సంచీ పెట్టకు. మబ్బులు నువ్వు చూసుకో. నేను చూడాల్సింది వేరే ఉంది.

ఇట్లు,
మబ్బును చూసి కుళ్లుకున్న నీ మొగుడు,
రవీంద్రనాథ్