పచ్చజొన్న మీది పసుపు

ఇండోర్,
12 ఫిబ్రవరి 2024, సోమవారం.

మల్లీశ్వరి అత్తకు నీ మేనకోడలు కోమల నమస్కారాలు. నేను ఇక్కడ బాగున్న. నువ్వు, మామ, పురిటికి వచ్చిన నీ బిడ్డ నిరోష అందరు బాగున్నరని తలుస్తున్న.

అత్తా, నీ దుకాణంల అమ్ముతున్న పసుపుల విషం ఉన్నది. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఫోన్ల చెప్పొచ్చు కదా అంటవు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి, ఒక చేత్తో చక్కెర జోకుకుంట మాట్లాడుతవు. మక్తల్ బస్టాండు దాక వినిపిస్తది. నేను ఒక్క మాట అనేలోపల నువ్వు పది మాటలంటవు. ఉత్తరమైతే నిరోష చదువుతది, నువ్వు వింటవు. నడుమల అడ్డం రాలేవు.

మొదటి నుంచి చెప్త. సంక్రాంతి ముందర నేను విత్తనానికి దాచిన పచ్చజొన్నలు తీసుకపోను ఇంటికి వచ్చిన కదా. గింజల ఇనుము ఎక్కడుంటది, పొట్టుల ఎంత, లోపల ఎంత అని చూసుడే నా పరిశోధన. ఆనాడు నువ్వు విత్తనం ఉత్తగనే గడప దాటొద్దని, దుకాణం నుంచి పసుపు తెప్పించి, రెండు చేతులతోని గింజలకు పట్టించినవు. సైన్సు పనికి పసుపెందుకు వదినా అని అమ్మ నవ్వితే, నువ్వు ఊకో జంగమ్మా, మిషిన్‌కు గూడ దిష్టి తగులుతది అన్నవు.

ఆ పసుపు నేను కడగాల్సింది. కాని పచ్చజొన్న మీద పసుపు ఎవరికి కనపడ్తది! తెల్లజొన్న అయితే ఆనాడే దొరికేది.

ఇక్కడి మిషిన్ గురించి నువ్వు ఎన్నిసార్లు అడిగినా నేను సక్కగ చెప్పలే. ఎక్స్‌రే అంటే దవాఖానల బొక్కలు చూసేదే గదా అంటవు. ఇదీ ఆ వెలుగే, కాని ఎన్నో రెట్లు జోరు. పెద్ద గుండ్రటి గొట్టం ఉంటది. దాని చుట్టు నడిచొస్తే మన వాడకట్టు తిరిగొచ్చినట్టే. లోపల కంటికి కనపడని ఎలక్ట్రాన్లు దాదాపు వెలుగంత వేగంగ ఉరుకుతయి. అయస్కాంతాలు వాటిని మలుపు తిప్పిన కాడ వెలుగు చిమ్ముతది, బండి మలుపు తిరిగితే చక్రం కింద దుమ్ము ఎగిసినట్టు. ఆ వెలుగును వెంట్రుకంత సన్నగ చేసి గింజ మీద పెడితే, ఇనుము నేను ఇనుమంటది, జింకు నేను జింకంటది. దాసుకునుడు వాటికి రాదు.

ఆ వెలుగు కోసం దరఖాస్తు పెట్టి, నెలల కొద్ది ఎదురు చూడాలె. నా వంతు జనవరి చివర వచ్చింది. కంప్యూటర్ తెర మీద గింజ మొలక కాడ ఇనుము గుంపుగ కనపడంగనే నేను గంతేసిన. అంతల మా గైడ్ మేడం ఇదేందని వేలు పెట్టి చూపింది. గింజ అంచు పొడుగునా చుక్కలు చుక్కలుగ సీసం! మీ ఊరి పక్కన బ్యాటరీలు కరగబెట్టే ఫ్యాక్టరీ ఏమన్న ఉన్నదా అని అడిగింది. మన చేను చుట్టు కందిచేన్లు తప్ప ఏమున్నది?

మళ్ళ చూస్తే, సీసం ఉన్న ప్రతి కాడ క్రోమియం గూడ ఉన్నది. ఈ రెండూ జంటగ ఉన్నయంటే అది లారీలకు వేసే పసుపుపచ్చ రంగు కావచ్చని మేడం అన్నది. పసుపుపచ్చ అనంగనే నీ రెండు చేతులు నాకు యాదికొచ్చినయి. గింజలు కట్టి తెచ్చిన మూట మడతల మిగిలిన పసుపును దులిపి విడిగ పెట్టి చూసినం. అదే.

మేడం తిడతదనుకున్న. ఆమె కడుపుబ్బ నవ్వి, మీ అత్తకు మన ల్యాబుల కుర్చీ వేయాలె అన్నది. గింజలు కడిగి మళ్ళ పెట్టినం. నా ఇనుము లెక్క మంచిగనే వచ్చింది. దానికి ఫికర్ లేదు.

ఫికరంత మీ ఇంటిదే. కడుపుల ఉన్న బిడ్డ మెదడుకు సీసం మంచిది కాదు. నిరోష తినే పప్పుల పడేది అదే పసుపు. నువ్వు కలపలేదని నాకు తెలుసు. టోకు బేరగాడు మంచి రంగున్న సరుకంటే నమ్మి తెచ్చినవు. అందుకే ఆ బస్తా మూతి కట్టెయ్. చిటికెడు గూడ అమ్మకు, బయట పారబొయ్యకు. పరీక్ష చేసిన పసుపు దొరికేదాక ఉత్త పప్పే వండు. నిరోషకు రక్తపరీక్ష చేయించు. మేడం తిండి సరుకుల తనిఖీ ఆఫీసుకు రాస్తున్నది. బస్తాను నువ్వే అప్పజెప్పి, ఎక్కడ కొన్నవో చెప్తే, మోసాన్ని పట్టిచ్చిన మనిషివైతవు. ఊకుంటే, బస్తాతోని దొరికిన మనిషివైతవు. నిన్ను అట్ల చూసుడు నాతోని కాదు.

ఇట్లు
నీ మేనకోడలు
కోమల

తా.క.: నిరోషా, ఆగకు. ఇది గూడ గట్టిగనే చదువు.

అత్తా, నిజం చెప్త. ఫలితం వచ్చిన పూటనే నేను నిరోషకు ఫోన్ చేసిన. ఆనాటి నుంచి అది నీ పసుపు ముట్టలే. ఏడో నెలల గీ వేవిళ్ళేందని నువ్వు వాడకట్టంత చెప్పుకుంటున్నవట, అవి వేవిళ్ళు కావు, నీ పసుపు కూర తప్పించుకునే సాకు. గాజులకని నీకు చెప్పి నారాయణపేటకు పోయింది రక్తపరీక్షకే. మొన్ననే రిపోర్టు వచ్చింది, భయం లేదన్నరు. నిరోషనే, మా అమ్మకు తెలిస్తే ఆ పసుపు ఒక్క పూట గూడ అమ్మది, కాని నీ సరుకు మంచిది కాదని ఆమె మొహం మీద నేను అనలేను, నువ్వే రాయి అని అది నన్ను బతిమాలింది.

నీ బిడ్డ పేరు చెప్తే తొందరగ వింటవని పైన అట్ల రాసిన. కాని నిన్ను భయపెట్టి ఒప్పించబుద్ధి కాలే. నీ బిడ్డ మంచిగున్నది. ఇగ ఆ బస్తాల పసుపు తింటున్నది మందిబిడ్డలే. వాళ్ళ కోసం బస్తా కడ్తవా లేదా, ఫిబ్రవరి ఇరవై ఐదు లోపల నాకు జవాబు చెప్పు.