పాస్‌పోర్టు మొక్కు

పుత్తూరు,
14-9-1978

చిరంజీవి సౌభాగ్యవతి పంకజాక్షికి మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ నాయనా, ఎనుమూ, దూడా అందరం కులాసా. కొలంబోలో నువ్వూ, అల్లుడు శ్రీనివాసులూ, కడుపులో బిడ్డా బాగున్నట్టు వారం వారం రాస్తూ ఉండు. నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమైతే మీ నాయన పోస్టాఫీసు అరుగు మీదే కూర్చుంటున్నాడు.

నాలుగు సంగతులు అడిగావు. నా దగ్గు తగ్గింది. మీ నాయన చేతికి కట్టు విప్పేశారు, ఆ పసరు వాసన మాత్రం ఇంకా పోలేదు. నువ్వు పంపిన కొబ్బరినూనె అందింది, రాసుకుంటున్నావా అని అడిగావు, దాని సంగతి తరవాత రాస్తాను. ఇక పాస్‌పోర్టు. అది రాలేదు.

ఫారం పంపి నాలుగు నెలలైంది. మొదట పుట్టిన తేదీకి రుజువు పెట్టమన్నారు. నేను పుట్టినప్పుడు రాసిపెట్టింది ఎవరు? మీ అవ్వ చెప్పిన గుర్తు ఒకటే, చెరువు తెగిన ఏడు, చింతకాయ రాలగొట్టే రోజులు. అది చెల్లదట. చిత్తూరు పోయి, కోర్టు ముందర స్టాంపు కాగితం రాయించి, నేను పుట్టానని నేనే ప్రమాణం చేసి వచ్చాను. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే చాలదు, పుట్టిందని కాగితం చెప్పాలి. తరవాత నన్నెరిగిన పెద్ద ఆఫీసరు సంతకం కావాలన్నారు. మనకు తెలిసిన పెద్ద ఆఫీసరు ఎవరుంటారు, ఎనుమును చూసే పశువుల డాక్టరు తప్ప? ఆయన ఫోటోలు ముందు పెట్టుకుని, "మీ ఎనుమునైతే మూడేండ్లుగా ఎరుగుదును. నిన్ను సరిగ్గా సూసింది ఈ పొద్దే గదమ్మా," అన్నాడు. అయినా మంచివాడు, అన్నిటి వెనకా ఇది వసంతమ్మే అని రాసి సంతకం పెట్టిచ్చాడు.

మా నాయన గురప్ప ఏటా చీరల మూటతో మీ కొలంబోకే వెళ్ళేవాడు. మద్రాసులో రైలెక్కడం, ధనుష్కోటిలో ఓడెక్కడం, అంతే. మండపంలో ఒక డాక్టరు ఒళ్ళు చూసి, అంటురోగం లేదని చీటీ ఇచ్చేవాడట. ఆ చీటీ చూపిస్తే ఆ గట్టున దిగనిచ్చేవాళ్ళు. నాకు పెళ్ళైన రోజుల్లోనే పాస్‌పోర్టన్నారు, వీసా అన్నారు. "సముద్రం ఎప్పుడూ ఉండే కాడనే ఉండాది. ఈ గోడ యాడ్నించి లేచింది?" అని ఆయన కట్టిన మూట విప్పేశాడు. మళ్ళీ పోలేదు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ కోపమంతా నాకు అప్పజెప్పి పోయాడనిపిస్తోంది.

ఎందుకమ్మా ఇంత ఆలస్యం అని నువ్వు కసిరావు. కసరవలసిందే. పోయినసారి ఆరో నెలలో బిడ్డను పోగొట్టుకుని ఆస్పత్రిలో ఒక్కదానివే పడుకున్నావు. ఈసారి డాక్టరమ్మ ప్రయాణం వద్దంది కాబట్టి పుట్టింటికి నువ్వు రాలేవు, నేనే రావాలి. దీపావళి దాటితే కాన్పు. "నువ్వు పక్కన లేకపోతే నాకు భయం" అని నువ్వు రాసిన కాగితం నా కొంగుకు ముడేసుకునే తిరుగుతున్నాను. నీకు ఇంక దాచలేను.

ఆఫీసులను తిట్టాను, ఇంకా తిడతాను. కానీ ఈసారి చెడగొట్టింది వాళ్ళు కాదు, నేను. పాస్‌పోర్టు చేతికొస్తే తలనీలాలిస్తానని కొండకు మొక్కుకున్నాను. జూలై పోయింది, ఆగస్టు సగం పోయింది. మొక్కు తీర్చేది పని అయ్యాక అని నాకు తెలియదా? ఓపిక చచ్చిపోయింది. ముందే ఇచ్చేస్తే స్వామి మొహమాటానికైనా తొందరగా ఇప్పిస్తాడనుకున్నాను. మీ నాయనతో కూడా చెప్పకుండా అలిపిరి మెట్లెక్కి, కల్యాణకట్టలో కూర్చుని గుండు చేయించుకున్నాను.

నాలుగోరోజు ఎంక్వయిరీకి పెంచలయ్య అని ఒక పోలీసాయన ఇంటికొచ్చాడు. ఫోటో చూశాడు, నన్ను చూశాడు.

"ఈ ఫోటోలో ఆమెను పిలువమ్మా," అన్నాడు.

"నేనేనబ్బా."

"ఈమెకు ఇంత జుట్టు ఉండాదే?"

"స్వామికిచ్చినాను."

"ఇప్పుడే ఎందుకిచ్చినావు?"

"ఈ పాస్‌పోర్టు కోసమే."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. పాపం, ఆయనా కొండకు పోయేవాడే. "నేనైతే నమ్ముతానమ్మా. ఆడ ఓడకాడ నిలబడే ఆయనకు మన మొక్కులు యాడ తెలుస్తాయి?" అన్నాడు. ముఖం పోలలేదు, కొత్త ఫోటో కావాలని రాసుకుపోయాడు. మొన్న ఫారం మొత్తం తిరిగొచ్చింది. అంతా మళ్ళీ మొదటినుంచి. ఇంకో మూడు నెలలు పడుతుందట. నీ కాన్పుకు నేను రాలేను తల్లీ. ఈ మాట రాయడానికే ఇన్ని పేజీలు తిప్పాను. మీ నాయన నన్ను ఒక్క మాటా అనలేదు, తిట్టి ఉంటే బాగుండేది. నీ నూనె సీసా మూత కూడా తీయలేదు, రాసుకోవడానికి ఏముంది గనక.

నిన్న గుండుతోనే ఫోటో దిగాను. పాస్‌పోర్టు వచ్చేలోపల జుట్టు పెరిగితే మళ్ళీ పోలలేదంటారు. అందుకని నీ గడపలో కాలుపెట్టేదాకా నెలనెలా మంగలిని పిలిపిస్తాను. మీ నాయనతో చెబితే అప్పుడు నవ్వాడు, ఇన్నాళ్ళకు. నేను వచ్చేసరికి బిడ్డదీ నాదీ ఒకటే తల.

జుట్టుతో ఉన్న పాత ఫోటోలు మూడు మిగిలాయి. ఒకటి ఈ కవరులో పెడుతున్నాను. దీనికి తపాలా బిళ్ళ అంటిస్తే చాలు, సముద్రం దాటుతుంది. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మరిచిపోకుండా తీసుకుపోయి దిండు కింద పెట్టుకో. నొప్పులు వస్తే ఒకసారి తీసి చూడు. అది నేను కాదని వాళ్ళంతా రాసేశారు. నేనేనని నీకు తెలుసు.

ఇట్లు,
కొండ దగ్గర తొందరపడిన మీ అమ్మ
వసంతమ్మ