ఎంపీగారి ఓటు

ఏమండీ,

మీరు పత్తిచేలో మందు కొడుతూ పడిపోయి నేటికి ఏడాది. అలా ఎవరైనా చనిపోతే మందు తయారుచేసిన కంపెనీ మీద కేసు పెట్టొచ్చనే బిల్లు ఢిల్లీలో ఓడిపోయింది. మీ పదకొండో రోజున మన వసారాలో కూర్చుని, దానికి ఓటేస్తానని మాటిచ్చిన ఎంపీగారే వ్యతిరేకంగా వేశారట.

ఈ ఉదయం ఆయన పెదకాకాని గుడికి వచ్చారు. అత్తయ్య చెయ్యి పట్టుకు లాగుతున్నా ఎదురెళ్లాను. అంతమంది మగవాళ్ల మధ్య నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"ఎందుకలా వేశారండీ?"

"పార్టీ విప్ ఇచ్చిందమ్మాయ్. ఎటు వెయ్యమంటే అటు వెయ్యాలి. కాదంటే సీటే పోద్ది."

"మరి మీ మనసులో ఏముందండీ?"

"ఓటుకి మనసుతో పనేముంది తల్లీ!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "మొగుడు పోయాక నోరు లేచిందిరోయ్" అన్నారెవరో.

ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికి బయల్దేరాను. సగం దారిలో మొన్నటి ఎన్నికలు గుర్తొచ్చాయి. బూత్ బయట మీరు ఆయన గుర్తు చూపించి, "దీని మీటే నొక్కు, ఆలోచించకు" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. వేసొచ్చాను.

ఆ తిట్లు మీకూ తగిలాయి, నాకూ తగిలాయి.

సుశీల